అమీబా బిళ్ళ: గుణదోషాలు

విజయవాడ నగరం గుండా బందరు, ఏలూరు, రైవస్ కాలువలు పారుతున్నవి. ఇంత నీరున్న ప్రాంతంలో మురుగు వెళ్ళి తాగే నీటిలో కలిసే ప్రమాదం కూడ ఉంటుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ ప్రాంతం మునిగినప్పుడు ఈ భయం అందరికీ కలిగినది. విరేచనాలు పట్టుకోగానే "ఇది అమీబా" అని ఎవరికి వారే నిర్ణయించుకొని, మందుల షాపులో నాలుగు మెట్రోనిడజోల్ బిళ్ళలు కొని వేసుకునే అలవాటు మనలో బలంగా ఉన్నది. ఈ బిళ్ళకు వచ్చిన పేరులో న్యాయమెంత, భ్రమ ఎంత అన్నది పరిశీలించదగిన విషయం.

ముందు న్యాయం. ఒకప్పుడు అమీబాకు ప్రధానమైన మందు ఎమిటిన్. బ్రెజిల్ దేశపు ఇపెకాకువానా వేరు నుండి తీసిన ఈ పదార్థం సూదిమందుగా బాగా పని చేస్తుందని 1912లో కలకత్తాలో లియొనార్డ్ రోజర్స్ చూపాడు. అది అమీబాను చంపేది. కాని రోగి గుండెకు కూడ హాని చేసేది. తరువాత వచ్చిన క్లియోక్వినాల్‌ను మన దేశంలో ఇంటి మందువలె వాడారు. జపానులో దానివలన పదివేలమందికి పైగా నరాల జబ్బు పాలైనారు. 1970లో అక్కడ దాని అమ్మకం ఆపివేశారు. ఇంతలో, 1966లో, దక్షిణాఫ్రికాలోని డర్బన్ వైద్యులు అమీబాపై మెట్రోనిడజోల్ గుణాన్ని వెల్లడించారు. ప్రాణవాయువు అంతగా లేని చోట బ్రతికే సూక్ష్మజీవులలో ఈ మందు చురుకుదేరి, వాటి డి.ఎన్.ఎ.ను దెబ్బ తీస్తుంది. పేగు గోడను తొలిచిన అమీబాకు, కాలేయంలో గడ్డ లేపిన అమీబాకు ఇది దివ్యమైన మందే.

ఇక భ్రమ. మొదటి సంగతి, ప్రతి విరేచనమూ అమీబా వలన కాదు. ఎక్కువ భాగం వైరస్‌ల వలన, బాక్టీరియాల వలన కలిగేవే. వైరస్‌లపై ఈ బిళ్ళ పని చేయదు. అక్కడ ప్రాణం నిలిపేది ఉప్పు, పంచదార తగుపాళ్ళలో కలిపిన నీరు. పైగా రోగకారి అయిన ఎంటమీబా హిస్టోలిటికాను అచ్చంగా పోలిన ఎంటమీబా డిస్పార్ అనే నిరపాయమైన జీవి కూడ పేగులలో ఉండవచ్చు. సూక్ష్మదర్శినిలో కోశాలను మాత్రమే చూసి ఈ రెంటినీ వేరుపరచలేము.

రెండవ సంగతి మరింత ముఖ్యం. ఈ బిళ్ళ చాలావరకు చిన్నపేగులోనే రక్తంలోకి ఇంకిపోతుంది. పెద్దపేగు లోపల నిలిచిన కోశాలను పూర్తిగా నిర్మూలించలేదు. నొప్పి తగ్గిన మనిషి ఆరోగ్యవంతునివలె తిరుగుతూనే, మలంతో కోశాలను విడుస్తూ ఉండవచ్చు. అందుకే వైద్యులు దీని తరువాత డైలోక్సనైడ్ ఫ్యూరొయేట్ వంటి రెండవ మందును ఇస్తారు. నాలుగు బిళ్ళలతో చికిత్స ముగిసినదనుకోవడం ఇల్లు ఊడ్చి చెత్తను గుమ్మంలో వదలినట్లే.

పాఠశాలలో అమీబా బొమ్మ వేసేటప్పుడు, అది చెరువులోని అమీబా అని, రోగం తెచ్చేది వేరని ఉపాధ్యాయులు చెప్పాలి. ప్రక్కనే నాలుగు కేంద్రకాలున్న కోశాన్ని కూడ గీసి చూపాలి. తాగే నీటిలో మామూలుగా కలిపే క్లోరిన్‌కు ఆ కోశం చావదు. నీటిని మరగకాస్తే చస్తుంది. ఈ ఒక్క సంగతిని విద్యార్థులు తమ ఇళ్ళలో చెప్పి ఆచరణలో పెట్టించగలిగితే, బిళ్ళతో పని చాలావరకు తగ్గుతుంది.