డ్యూటీ దిగడమూ ఒక పనే

ఆసుపత్రి వార్డులో నర్సుల పని ఎంత కష్టమో తెలియాలంటే రాత్రి రెండింటికి వెళ్లి చూడాలి. ఆ కష్టాన్ని వాళ్లు ఏళ్ల తరబడి ఎలా తట్టుకుంటున్నారో తెలియాలంటే మాత్రం పొద్దున్న ఎనిమిదింటికి వెళ్లాలి.

మన ప్రభుత్వాసుపత్రుల్లో చాలాచోట్ల నర్సులకు మూడు డ్యూటీలు ఉంటాయి. ఉదయం ఎనిమిది నుంచి మధ్యాహ్నం రెండు దాకా ఒకటి, రెండు నుంచి రాత్రి ఎనిమిది దాకా ఒకటి, ఆ తర్వాత తెల్లవార్లూ పన్నెండు గంటల నైట్ డ్యూటీ. ఒకరు డ్యూటీ దిగి ఇంకొకరు ఎక్కే ఆ కాసేపట్లో జరిగే పనిని వాళ్లు హ్యాండోవర్ అంటారు. దిగే సిస్టరూ ఎక్కే సిస్టరూ కలిసి మంచం మంచానికీ తిరుగుతారు.

“నాలుగో బెడ్ షుగర్ పేషెంట్. ఏడున్నరకి చూస్తే రెండొందల పది ఉంది, ఇన్సులిన్ ఇచ్చాను. టిఫిన్ ఇప్పుడే వచ్చింది, తింటున్నాడో లేదో ఓ కన్నేసి ఉంచు. ఆరో బెడ్ పెద్దాయనకి సెలైన్ రెండో బాటిల్ నడుస్తోంది. చెయ్యి కాస్త వాచింది, క్యాన్యులా మార్చాలి.”

“యూరిన్ ఎంత వచ్చిందక్కా?”

“రాత్రంతా కలిపి ఏడొందలు. చార్టులో వేశాను. ఎనిమిదో బెడ్ రిపోర్టు ల్యాబ్ నుంచి ఇంకా రాలేదు, ఒకసారి ఫోన్ చెయ్యి.”

కొత్తగా వచ్చిన సిస్టర్ వింటూనే పెద్దాయన చెయ్యి పట్టుకుని వాపు ఎంతుందో చూస్తుంది, సెలైన్ చుక్కలు సరిగ్గా పడుతున్నాయో లేదో గమనిస్తుంది. ఆ తర్వాత మందుల బీరువా తాళాలు చేతులు మారతాయి. ఎమర్జెన్సీ ట్రేలో ఇంజెక్షన్లు లెక్క చూసుకుంటారు, ఆక్సిజన్ సిలిండర్‌లో ఎంతుందో చూస్తారు. చివర్న రిజిస్టర్‌లో ఇద్దరూ సంతకాలు పెడతారు. అప్పటిదాకా ముప్ఫై నలభై మంచాల భారం మోసిన మనిషి ఆ సంతకంతో దాన్ని దించుకుని బస్సెక్కుతుంది.

ఉద్యోగాల్లో ఒత్తిడి గురించి మాట్లాడేటప్పుడు మనం ఎక్కువగా గంటల లెక్కే చూస్తాం. యువత వారానికి 70 గంటలు పనిచెయ్యాలని ఇన్ఫోసిస్ నారాయణమూర్తి 2023లో అన్నప్పుడూ, 2025 మొదట్లో ఎల్ అండ్ టీ అధిపతి 90 గంటల మాట ఎత్తినప్పుడూ దేశమంతా వాదులాడుకుంది. గంటల లెక్క చిన్న విషయమేమీ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో వెల్లడించిన అధ్యయనం ప్రకారం, వారానికి 35-40 గంటలు పనిచేసేవాళ్లతో పోలిస్తే 55 గంటలు, అంతకు మించి పనిచేసేవాళ్లకు పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువ. గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ. ఆ హెచ్చరికను ఎవరూ తేలిగ్గా తీసుకోకూడదు.

అయితే గంటలతో పాటు అడగాల్సిన ప్రశ్న మరొకటుంది. ఆ పని రోజుకొక్కసారైనా ముగుస్తోందా? ఎనిమిది గంటలు పనిచేసి ఇంటికొచ్చినా పన్నెండింటి దాకా బుర్రలో అదే తిరుగుతుంటే ఆ మనిషి డ్యూటీ దిగినట్టు కాదు.

జర్మనీలోని మాన్‌హైమ్ విశ్వవిద్యాలయంలో సబీనే సోనెన్‌టాగ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఏళ్ల తరబడి ఈ విషయం మీదే పరిశోధిస్తున్నారు. సాయంత్రం పని నుంచి మనసును పూర్తిగా మళ్లించగలిగినవాళ్లలో అలసట తక్కువగా ఉంటుందని ఆమె అధ్యయనాలు చూపించాయి. వాటిలోనే తేలిన ఇంకో సంగతి మన అనుభవానికి మరీ దగ్గరగా ఉంటుంది. పని ఎక్కువై విశ్రాంతి బాగా అవసరమైన రోజునే మనసు పనిని వదిలిపెట్టదు. కాబట్టి ‘ఇంటికెళ్లాక ఆఫీసు గురించి ఆలోచించకు’ అని సలహా చెప్పడం తేలికే గానీ దాన్ని పాటించడానికి ఒక పద్ధతి కావాలి.

ఆ పద్ధతి ఎలా ఉండొచ్చో మరో రెండు పరిశోధనలు చెబుతాయి. మాసికాంపో, బామైస్టర్ అనే అమెరికన్ పరిశోధకులు 2011లో ప్రచురించిన ప్రయోగాల్లో, చెయ్యాల్సిన పని మధ్యలో ఉన్నవాళ్లకు వేరే పని మీద దృష్టి నిలవలేదు. అదే పనిని ఎప్పుడు, ఎలా పూర్తిచేస్తారో స్పష్టంగా అనుకున్నవాళ్లను మాత్రం ఆ ఆలోచన పెద్దగా సతాయించలేదు. పని అప్పటికింకా పూర్తికాలేదన్నది ఇక్కడ గుర్తుంచుకోవాలి. 2018లో బేలర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 57 మంది యువతీయువకులను నిద్రను కొలిచే ల్యాబ్‌లో పడుకోబెట్టారు. నిద్రకు ముందు ఐదు నిమిషాలు కొందరి చేత రాబోయే రోజుల్లో చెయ్యాల్సిన పనులు, మిగతావాళ్ల చేత అప్పటికే పూర్తిచేసిన పనులు రాయించారు. చెయ్యాల్సినవి రాసినవాళ్లు సగటున తొమ్మిది నిమిషాల ముందే నిద్రపోయారు. జాబితా ఎంత వివరంగా ఉంటే అంత త్వరగా నిద్ర పట్టింది.

వార్డులో సిస్టర్ చేసేదీ దాదాపు ఇదే. ల్యాబ్ రిపోర్టు రాలేదు, క్యాన్యులా మార్చలేదు, పని మిగిలే ఉంది. కానీ ఏది మిగిలిందో, దాన్ని ఎవరు చేస్తారో తేలిపోయింది. బల్ల మీద రాసి పెట్టుకున్న జాబితా కన్నా ఇది ఒక మెట్టు పైన ఉంటుంది, ఎందుకంటే ఇక్కడ ‘సరే, నేను చూసుకుంటా’ అనే మనిషి ఎదురుగా నిలబడి ఉంది.

అప్పగింత ఒక నైపుణ్యం అని వైద్యరంగం గుర్తించింది రోగుల ప్రాణాల కోసమే. లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రి వైద్యులు గుండె ఆపరేషనయిన పిల్లల్ని థియేటర్ నుంచి ఐసీయూకి మార్చేటప్పుడు జరిగే తడబాటుకు మందు ఫార్ములా వన్ కారు పందేల్లో వెతికారు. పిట్‌లో ఆగిన కారుకి కొన్ని క్షణాల్లో టైర్లు మార్చే బృందంలో ఎవరి పని ఏమిటో అందరికీ తెలుసు, అనవసరపు మాట ఉండదు. ఫెరారీ బృందంతో కూర్చుని వాళ్లు తయారుచేసుకున్న కొత్త పద్ధతితో పొరపాట్లూ, చెప్పకుండా మర్చిపోయిన వివరాలూ తగ్గాయని 2007లో ప్రచురించారు. అమెరికా, కెనడాల్లోని తొమ్మిది పిల్లల ఆసుపత్రుల్లో జూనియర్ డాక్టర్లకు ఒక క్రమం ప్రకారం అప్పగించడం నేర్పితే వైద్యపరమైన పొరపాట్లు 23 శాతం తగ్గాయని 2014లో మరో అధ్యయనం చెప్పింది. దానికోసం అదనంగా పట్టిన సమయమూ ఏమీ లేదు. ముందూ తర్వాతా ఒక్కో రోగికి పట్టింది దాదాపు రెండున్నర నిమిషాలే.

రైల్వేలోనూ ఈ అలవాటు ఉంది. స్టేషన్ మాస్టర్ డ్యూటీ దిగేముందు ఏ లైన్లో ఏ బండి ఉందో, ఏ సెక్షన్‌లో ఏది నడుస్తోందో డైరీలో రాస్తారు. వచ్చినవారు అది చదివి, చూసుకుని, ఛార్జ్ తీసుకున్నట్టు టైము వేసి సంతకం చేస్తారు. రిలీవర్ రాకపోతే ఆయన కుర్చీ వదలకూడదు. వచ్చి సంతకం పెట్టాక తర్వాతి బండి సంగతి ఆయన పట్టించుకోనక్కర్లేదు. ఆ రెండూ కలిసే ఆయన ఉద్యోగాన్ని నిలబెడుతున్నాయి.

హైదరాబాద్‌లో ప్రొడక్షన్ సపోర్ట్ చేసే సాఫ్ట్‌వేర్ టీములకూ ఇది తెలిసిందే. మన సాయంత్రం అమెరికాకు పొద్దున్న కాబట్టి, తెరిచి ఉన్న టికెట్లన్నీ షిఫ్ట్ హ్యాండోవర్ మెయిల్‌లో పెట్టి అక్కడివాళ్లకు అప్పజెబుతారు. ఇబ్బందంతా మిగతావాళ్లది. పగలంతా డెవలప్‌మెంట్ పని, రాత్రి ఎనిమిదింటికి అమెరికా కాల్, భోంచేస్తుంటే టీమ్స్‌లో మెసేజ్. ఎవరూ ‘ఇప్పుడే చెయ్యి’ అనరు. కానీ ఎవరికీ అప్పగించలేదు కాబట్టి అందరి ఫోన్లూ ఆన్‌లోనే ఉంటాయి. ఆన్‌కాల్ వంతు ఫలానావాళ్లదని పేరు పెట్టి రాసుకున్న టీములో మిగతావాళ్లంతా ఫోన్ పక్కన పడేసి పిల్లలతో ఆడుకోగలుగుతారు. ఆఫీసు వేళ దాటాక ఫోన్ ఎత్తకుండా ఉండే హక్కును ఫ్రాన్స్ చట్టంలో పెట్టి 2017 నుంచి అమల్లోకి తెచ్చింది. మన లోక్‌సభలో అలాంటి ప్రైవేటు బిల్లును ఎంపీ సుప్రియా సూలే 2018లోనే ప్రవేశపెట్టారు.

ఇక నర్సు ఇంటికి వెళ్తుంది. అక్కడ హ్యాండోవర్ లేదు.

జాతీయ గణాంక కార్యాలయం 2024లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతంలేని ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు దానికి వెచ్చిస్తే మగవాళ్లు వెచ్చించేది 88 నిమిషాలు. నైట్ డ్యూటీ దిగి వచ్చిన మనిషికి సింక్‌లో గిన్నెలు, పిల్లాడి స్కూలు డైరీ, మధ్యాహ్నం కూర ఎదురుచూస్తుంటాయి. ‘సాయం చేస్తాను’ అనే భర్తకూ ఆ పనులన్నీ ఆమే గుర్తుంచుకుని చెప్పాలి. వార్డులో ఎక్కే సిస్టర్ ‘నువ్వు చెబితే చేస్తా’ అనదు. మొత్తం భారం తనమీద వేసుకుంటుంది. ఇంట్లో కూడా పిల్లల చదువో, పొద్దుటి టిఫినో, ఏదో ఒకటి పూర్తిగా ఒకరి చేతికి వెళ్లిపోయినప్పుడే రెండోవాళ్లకు నిజంగా ఊపిరి సలుపుతుంది.

అప్పగించాలంటే అందుకునే మనిషి ఉండాలన్నది మరో కఠిన వాస్తవం. జనరల్ వార్డులో ఆరుగురు రోగులకు ఒక నర్సు ఉండాలని కేంద్ర ప్రభుత్వ స్టాఫ్ ఇన్‌స్పెక్షన్ యూనిట్ ఎప్పుడో లెక్కగట్టింది. కిక్కిరిసిన వార్డుల్లో ఆ లెక్క కనబడదు. ఒక్క సిస్టర్ నలభై మందిని నలభై నిమిషాల్లో అప్పజెప్పలేదు, రిలీవర్ రాకపోతే అసలు దిగనేలేదు. తీరని ఒత్తిడి నుంచి పుట్టే ఉద్యోగ నిస్త్రాణను (బర్న్‌అవుట్) ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన తన వ్యాధుల వర్గీకరణలో చేర్చింది. అది జబ్బు కాదనీ, పనిచేసేచోట పుట్టే పరిస్థితి అనీ స్పష్టంగా చెప్పింది. సత్తువ ఉడిగిపోవడం, పని మీద విముఖత, తన వల్ల ఏమీ కావడం లేదన్న భావన దాని మూడు గుర్తులు. పనిచేసేచోట పుట్టినదానికి ఆ మనిషిని ప్రాణాయామం చెయ్యమని పంపేస్తే సరిపోదు. ఖాళీ పోస్టులు నింపాలి.

పోస్టులు నిండేలోగా చెయ్యగలిగినవీ ఉన్నాయి. ఆఫీసుల్లో చివరి పావుగంట మీటింగ్ పెట్టకుండా వదిలితే, మిగిలిన పనులు రాసుకుని ఒక్కోదాని పక్కన ఒక పేరూ ఒక రోజూ వేసుకోవచ్చు. సెలవు మీద వెళ్లేవాళ్లు ఎవరికి అప్పజెబుతున్నారో టీమంతటికీ చెప్పి వెళ్లొచ్చు. ఆసుపత్రుల్లో అయితే హ్యాండోవర్ పేరుతో నర్సులు డ్యూటీ టైము దాటాక అరగంట ఉండిపోవడం, దానికి లెక్కా పత్రం లేకపోవడం మామూలైపోయింది. పగటివాళ్లు ఏడూముప్పావుకే రావాలి, రాత్రివాళ్లు ఎనిమిదింబావు దాకా ఉండాలి అని రోస్టర్‌లోనే రాసి, ఆ సమయాన్ని ఇద్దరి డ్యూటీ గంటల్లోనూ కలపాలి. హెడ్ నర్సు రాసే వచ్చే నెల రోస్టర్‌తోనే ఇది మొదలుపెట్టవచ్చు.