చెప్పుల్లేని నడకకు సరంజామా

తిరువూరు నుంచి బెజవాడ దాకా సుమారు 75 కిలోమీటర్లు. బస్సెక్కితే పూటలో పని. నడిస్తే రెండు రోజులు, కాళ్లు మొరాయిస్తే మూడు. మార్గశిరంలో భవానీ దీక్షల విరమణ దగ్గర పడేసరికి ఎర్రబట్టల బృందాలు ఎ.కొండూరు, మైలవరం, కొండపల్లి, ఇబ్రహీంపట్నం మీదుగా 30వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని ఇంద్రకీలాద్రికి సాగుతాయి.

ఇంత దూరానికి ఏ బూట్లు మంచివని అడిగితే మాలధారులు నవ్వుతారు. దీక్షలో చెప్పులే కూడదు మరి. మండల దీక్ష 41 రోజులు. మాల పడిన నాటి నుంచే చెప్పులు వదిలేస్తారు గనుక, బయల్దేరే వేళకు అరికాలి చర్మం గట్టిపడి ఉంటుంది. నియమం ఎందుకు పెట్టారో గానీ, నడకకు ఇంతకు మించిన సాధన లేదు. ఆఖరి రోజుల్లో మాల వేసుకుని రోడ్డెక్కేవాళ్లకు ఆ వెసులుబాటు ఉండదు. మైలవరం చేరకముందే బొబ్బలు లేస్తాయి. మడమ పగుళ్లున్నవాళ్లు ముందు నుంచే రాత్రిపూట ఆముదమో కొబ్బరినూనో పట్టించుకోవాలి. లోతైన పగుల్లో ఇసుక దూరితే అడుగు తీసి అడుగు వేయలేరు.

దసరాకు నడిచేవాళ్ల కష్టం ఇంకోలా ఉంటుంది. మధ్యాహ్నం తారు గాలికంటే బాగా ఎక్కువ వేడెక్కుతుంది. అందుకే తెల్లవారుజామున కదిలి, ఎండ ముదరకముందే ఏ గుడి మంటపంలోనో ఆగి, సాయంత్రం మళ్లీ నడక మొదలుపెట్టాలి. కొందరు రోడ్డంచు తెల్లగీత మీద నడుస్తారు. తెలుపు వేడిని తక్కువ పీలుస్తుంది, నిజమే. కానీ లారీ చక్రం కూడా ఆ గీత పక్క నుంచే పోతుంది.

చీకటి నడకలో దీక్షావస్త్రం ఎరుపు నలుపుతో సమానం. హెడ్‌లైటు వెలుగులో డ్రైవరుకు ముందుగా కనబడేది సంచికి అంటించిన రేడియం స్టిక్కరే. మొత్తం సరంజామాలో ఇంత చవకైనదీ, ఇంత అవసరమైనదీ మరొకటి లేదు. ముందొకటి, వెనకొకటి అంటించుకుని, ఎదురుగా వచ్చే బండి కనబడేలా రోడ్డుకు కుడివైపున నడవాలి.

మాల లేకుండా తోడు నడిచేవాళ్లకు బూట్ల బేరం తప్పదు. కొత్త బూట్లు పెళ్లికి బాగుంటాయి. పాదయాత్రకు పాతవే దిక్కు. కొనాల్సి వస్తే నెల ముందు, సాయంత్రం పూట కొనాలి. నడిచేకొద్దీ పాదం ఉబ్బుతుంది కాబట్టి బొటనవేలి ముందు వేలెడు చోటు మిగలాలి. హవాయి చెప్పులతో దూరం నడిస్తే జారిపోకుండా వేళ్లు బిగపట్టీ బిగపట్టీ పిక్కలు పట్టేస్తాయి. మడమ వెనక పట్టీ ఉన్న శాండిల్స్ నయం. నూలు సాక్స్ చెమట పీల్చి తడిగానే ఉండిపోతాయి, తడి చర్మం రాపిడికి త్వరగా లేస్తుంది. చురుక్కుమన్న చోటే ఆగి ప్లాస్టర్ వేసుకోవాలి. బొబ్బ లేచాక పైచర్మం పీకకూడదు.

బరువు సంగతికొస్తే, ఒంటి బరువులో పదోవంతు దాటకూడదనేది దూరాలు నడిచేవాళ్ల లెక్క. 60 కిలోల మనిషికి ఇరుముడితో కలిపి ఆరు కిలోలు. ఒక జత బట్టలు, పలచటి దుప్పటి, తువ్వాలు చాలు. మిగతావి సామాన్ల ఆటోలో వేసెయ్యాలి.

షుగరున్నవాళ్ల దగ్గర మాత్రం పట్టుదల పనికిరాదు. ఏళ్ల తరబడి షుగరుంటే అరికాలికి స్పర్శ తగ్గిపోవచ్చు. ముల్లు దిగినా, తారు కాల్చినా తెలియదు. పుండు పడితే ఓ పట్టాన మానదు. ఇంట్లో కూడా చెప్పులు వేసుకోమని డాక్టర్లు చెప్పేది ఇందుకే. అలాంటివాళ్లు దీక్ష ఇచ్చిన గురుభవానీతో ముందే మాట్లాడుకుని సామాన్ల ఆటోలోనే కూర్చోవడం మంచిది. ముందుగా మజిలీ చేరి వంట చూసుకునే మనిషి బృందానికి ఎలాగూ కావాలి.