ఆపరేషన్ ముగిశాక

నెదర్లండ్స్‌లో ప్రతి సెప్టెంబర్‌లోనూ ఒక ఓటమికి వార్షికోత్సవం జరుగుతుంది. ఓస్టర్‌బేక్ అనే చిన్న ఊళ్ళో ఇంటింటికీ జెండాలు కడతారు. ముదురు ఎరుపు గుడ్డ మీద లేతనీలం రెక్కల గుర్రం. 1944లో ఇక్కడ ఆకాశంలోంచి దిగి, తొమ్మిది రోజులు పోరాడి, చివరికి నిలబడలేక నది దాటి వెళ్ళిపోయిన బ్రిటిష్ పారాట్రూపర్ల చిహ్నం అది. గెలుపుని పండగ చేసుకోవడం ఎవరైనా చేస్తారు. ఓడిపోయినవాళ్ళని, అందులోనూ తమ ఊరిని యుద్ధభూమి చేసి వెళ్ళినవాళ్ళని, ఎనభై ఏళ్ళకి పైగా ఇంత ప్రేమగా తలుచుకోవడం అరుదు.

ఉద్యోగం కోసం ఈ దేశం వచ్చాక రెండు సెప్టెంబర్లు ఈ కార్యక్రమాలకి వెళ్ళాను. నాకు యుద్ధాల పిచ్చేం లేదు. నన్ను లాగింది తారీఖు. ఆపరేషన్ మార్కెట్ గార్డెన్ మొదలైంది సెప్టెంబర్ 17న. తెలంగాణలో పెరిగినవాణ్ణి ఆ తారీఖు అంత తేలిగ్గా వదలదు. ఆ సంగతి చివర్లో చెప్తాను. ముందు ఈ వార్షికోత్సవాన్ని ఒక పుస్తకాన్ని చదివినట్టు చదువుదాం. ఎక్కడ మొదలుపెడుతోంది, ఏ పాత్రల్ని ఉంచుకుంటోంది, ఎక్కడ ఆపేస్తోంది?

కథ క్లుప్తంగా ఇది. బ్రిటిష్ సేనాని మాంట్‌గొమరీ పథకం ప్రకారం మూడు ఎయిర్‌బోర్న్ డివిజన్లు, రెండు అమెరికన్‌వి, ఒకటి బ్రిటిష్‌ది, హాలండ్‌లోని వంతెనల్ని వరసగా పట్టుకోవాలి. దక్షిణం నుంచి ట్యాంకులు సుమారు వంద కిలోమీటర్ల ఒకే ఒక్క రోడ్డు మీద వచ్చి వాళ్ళని కలుసుకోవాలి. అన్నిటికంటే దూరంగా ఉన్న ఆర్నెమ్ వంతెన బ్రిటిష్ వాళ్ళ వంతు. వాళ్ళని దించిన మైదానాలు వంతెనకి పది కిలోమీటర్ల పైనే ఉన్నాయి. రేడియోలు సరిగ్గా పనిచెయ్యలేదు. పదివేలమంది డివిజన్ రెండు రోజులు పట్టి ఉంచాల్సిన వంతెన ఉత్తరపు కొసని జాన్ ఫ్రాస్ట్ నాయకత్వంలో దాదాపు 740 మంది మూడు రాత్రులకి పైగా కాపాడారు. ట్యాంకులు అక్కడిదాకా రాలేదు. సెప్టెంబర్ 25 రాత్రి మిగిలినవాళ్ళు రైన్ నది దాటి వెనక్కి వెళ్ళారు. అలా దాటినవాళ్ళు సుమారు 2,400 మంది. మిగతావాళ్ళలో ఎక్కువమంది బందీలయ్యారు, పద్నాలుగు వందలకి పైగా చనిపోయారు.

వార్షికోత్సవంలో ఎక్కువ జనం వచ్చేది గింకెల్ మైదానానికి. ఎడె పట్నం పక్కన ఊదారంగు పొదల మైదానం అది. నేటో దేశాల సైనికులు విమానాల్లోంచి పారాచూట్లతో దూకుతారు. పిల్లలు నాన్నల భుజాలెక్కి చూస్తారు. ఐస్‌క్రీమ్ బండ్లుంటాయి. అబద్ధమెందుకు, ఆకాశం నిండా గొడుగులు విచ్చుకున్న క్షణంలో నేనూ నోరు తెరుచుకుని చూశాను. చాలా అందమైన దృశ్యం. చిక్కంతా ఆ అందంతోనే.

1944 సెప్టెంబర్ 18న అదే మైదానంలో నాలుగో పారాచూట్ బ్రిగేడ్ దిగింది. ఇంగ్లండ్‌లో పొగమంచు వల్ల గంటల ఆలస్యం. దిగేసరికి కింద కాల్పులు జరుగుతున్నాయి. కొందరు గాల్లోనే చనిపోయారు. కింద నుంచి కాల్చినవాళ్ళెవరు? జర్మన్ ఎస్.ఎస్. కింద పనిచేసిన కాపలా బెటాలియన్. అందులో చాలామంది డచ్ వాళ్ళే, ఆమర్స్‌ఫోర్ట్ నిర్బంధ శిబిరానికి కాపలా కాసినవాళ్ళు. ఇప్పటి ప్రదర్శనలో పైనుంచి దిగేవాళ్ళే ఉంటారు, కింద నుంచి కాల్చేవాళ్ళుండరు. ఉండాలని నేనూ అనను. కానీ ఆ ఖాళీని గుర్తుపెట్టుకోవాలి. శత్రువుని తీసేస్తే, శత్రువు పక్కన నిలబడిన మనవాడు కూడా దృశ్యంలోంచి జారుకుంటాడు.

మైదానం అంచున పాత జీపులతో, ఆనాటి యూనిఫారాలతో రీఎనాక్టర్లు ఉంటారు. వీళ్ళని వెక్కిరించడం సులువు. నేను వెక్కిరించను. జీపు నట్టు దగ్గర్నుంచి బూటు మేకు దాకా సరిగ్గా ఉండాలని పంతం పట్టే మనుషులు వాళ్ళు. కోడ్‌లో ఒక్క స్పేస్ కోసం గంట వాదించే వృత్తిలో ఉన్న నాకు ఆ పంతం అర్థమవుతుంది. ఒకాయన ఆనాటి వైర్‌లెస్ సెట్ విప్పి చూపిస్తున్నాడు. "ఇది పనిచేస్తుందా అండీ?" అని అడిగితే నవ్వాడు. "ఇప్పుడు చేస్తుంది."

ఆ రెండు మాటల్లో పునరభినయం మీద అసలు విమర్శ ఉంది. వస్తువు ఎంత కచ్చితంగా ఉంటే సంఘటన అంత దూరమైపోతుంది. ఆనాడు ఆ సెట్టు చేతిలో పట్టుకున్నవాడికి తెలిసిన సంగతి ఒక్కటే, అవతల నుంచి జవాబు రావట్లేదని. ఆ తెలియకపోవడాన్ని ఎవరూ అభినయించలేరు. మనకి ముగింపు తెలుసు, సాయంత్రం ఇంటికి వెళ్తామనీ తెలుసు.

పైగా వీళ్ళు తిరిగి నటిస్తున్నది యుద్ధాన్నేనా అన్న అనుమానం నాకుంది. నిలబడే తీరు, టోపీ వాల్చే తీరు చూస్తే 1977లో వచ్చిన ‘ఎ బ్రిడ్జ్ టూ ఫార్’ సినిమా గుర్తొస్తుంది. ఆ సినిమాకే ఆర్నెమ్ దొరకలేదు. వంతెన చుట్టూ ఊరు మారిపోయిందని అటెన్‌బరో డెవెంటర్ అనే వేరే ఊళ్ళో, వేరే నది మీది వంతెన దగ్గర తీశాడు. అంటే ఇవాళ మనం చూస్తున్నది ఒక నకలుకి నకలు.

అయితే ఆ సినిమా ఒక పని చేసింది. పెద్దపెద్ద తారలందరి తర్వాత, కథ చివర్లో, ఇల్లు పోయిన ఒక తల్లి పిల్లలతో, మిగిలిన సామాను వేసుకున్న బండితో నది గట్టు మీద నడిచి వెళ్తుంది. ఆమె పేరు కేట్ టెర్ హోర్స్ట్. నిజం మనిషి. ఓస్టర్‌బేక్‌లో ఆమె ఇల్లు గాయపడ్డవాళ్ళకి ఆస్పత్రి అయింది. ఇంటితోటలో 57 మందిని పాతిపెట్టారు. సినిమా బండి దగ్గర ఆగింది. ఆమె జీవితం ఆగలేదు. యుద్ధం ముగిసి రెండేళ్ళు దాటాక, 1947లో, నేలలో మిగిలిపోయిన ఒక మందుపాతర పేలి ఆమె పెద్ద కొడుకు చనిపోయాడు. మార్కెట్ గార్డెన్ సెప్టెంబర్ 25న ముగిసిందని ఆ ఇంట్లో ఎవరైనా ఎలా అంటారు?

ఈ ప్రశ్నే నన్ను పట్టుకుంది. మా వృత్తిలో సర్వర్ కూలిపోతే తర్వాత రిపోర్టు రాస్తాం. మొదలైన టైము, ముగిసిన టైము, కారణం. ముగిసిన టైము దగ్గర "క్లోజ్డ్" అని పెడతాం. ఆ మధ్యలో డబ్బులు అందక ఎవడి పని ఆగిందో, ఎవడి కొలువు పోయిందో రిపోర్టులో ఉండదు. మిలటరీ ఆపరేషన్ కూడా అలాంటి రిపోర్టే. పేరు, మొదలు, ముగింపు సైన్యమే పెడుతుంది. వార్షికోత్సవాలు ఆ తారీఖుల్ని అలాగే తీసేసుకుంటాయి.

ఇక్కడ ఆ తారీఖుల బయట ఏముందో చూడండి. ఆపరేషన్‌కి సాయంగా ఉంటుందని లండన్‌లో ఉన్న ప్రవాస డచ్ ప్రభుత్వం సెప్టెంబర్ 17నే రైల్వే సమ్మెకి పిలుపిచ్చింది. దానికి కక్ష తీర్చుకోవడానికి జర్మన్లు పడమటి హాలండ్‌కి తిండి రవాణా ఆపేశారు. తర్వాత కొంత సడలించేసరికి చలికాలం ముంచుకొచ్చింది, కాలవలు గడ్డకట్టాయి. ఆ ‘ఆకలి చలికాలం’లో సుమారు ఇరవై వేలమంది చనిపోయారని అంచనా. యుద్ధంలో పోయిన పారాట్రూపర్ల కంటే ఎన్నో రెట్లు. ఆర్నెమ్, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి లక్షమంది దాకా జనాన్ని జర్మన్లు వెళ్ళగొట్టారు. ఖాళీ ఇళ్ళు దోచుకున్నారు. వీటిని డచ్ వాళ్ళు మర్చిపోలేదు, వేరే చోట్ల, వేరే రోజుల్లో తలుచుకుంటారు. కానీ పారాచూట్ల దృశ్యంలో వీటికి చోటు లేదు. ఆకలిని ఎవరు రీఎనాక్ట్ చేస్తారు? టికెట్ పెట్టి ఎవరు చూస్తారు?

దీనికి జవాబు అభినయం అవసరం లేని చోట దొరికింది. ఓస్టర్‌బేక్ శ్మశానంలో 1,750కి పైగా సమాధులున్నాయి. 1945 నుంచి ప్రతి సెప్టెంబర్‌లో ఒక ఆదివారం స్థానిక బడిపిల్లలు ఒక్కో సమాధి వెనక ఒక్కరు నిలబడి, అందరూ ఒకేసారి వంగి పువ్వులు పెడతారు. యూనిఫారం వేసుకోరు, ఎవరి పాత్రా పోషించరు. 1969లో, పాతికేళ్ళు నిండాయి కదా, ఇక చాలిద్దామని బ్రిటిష్ పారాచూట్ రెజిమెంట్ వాళ్ళు అనుకున్నారు. ఊరివాళ్ళు ఒప్పుకోలేదు. సైన్యం "క్లోజ్డ్" అన్నదాన్ని ఊరు తెరిచే ఉంచింది. నా పక్కన నిలబడిన ఒక పెద్దావిడ, "నేనూ చిన్నప్పుడు పెట్టాను, ఆ పేరు ఇప్పటికీ గుర్తుంది బాబూ" అన్నట్టు ఏదో చెప్పి, ఆ పేరు పలికింది. ఒక్క పేరు, ఒక్క పిల్ల, డెబ్బై ఏళ్ళు. ఏ జీపూ ఇంత దూరం రాలేదు.

నైమేగెన్‌లో ఇంకోటుంది. 1944 సెప్టెంబర్ 20న పట్టపగలు గుడ్డ పడవల్లో వాల్ నది దాటుతూ 48 మంది అమెరికన్ సైనికులు చనిపోయారు. అక్కడ 2013లో కట్టిన కొత్త వంతెన మీద 48 జతల దీపాలున్నాయి. రోజూ సూర్యాస్తమయానికి ఒక్కో జతా వెలుగుతూ పోతుంది, ఆ వేగంతో ఒక మాజీ సైనికుడు వంతెన దాటతాడు. వెనకాల ఎవరైనా నడవచ్చు. ఏడాదికోసారి కాదు, రోజూ. పన్నెండు నిమిషాల్లోపే అయిపోతుంది. అటుపక్క కార్లు పోతూనే ఉంటాయి.

జ్ఞాపకాన్ని దిద్దుకోవడం కూడా సాధ్యమే. పోలిష్ పారాచూట్ బ్రిగేడ్ నాయకుడు సోసబోవ్‌స్కీ ఈ పథకం మీద ముందే అనుమానాలు చెప్పాడు. ఓడాక బ్రిటిష్ సేనానులు తప్పు ఆయన మీదకే నెట్టారు, పదవి తీసేశారు. యుద్ధం తర్వాత ఇంగ్లండ్‌లో ఫ్యాక్టరీ పని చేసుకుని 1967లో పోయాడు. డచ్ ప్రభుత్వం 2006లో ఆయనకి మరణానంతరం, ఆయన బ్రిగేడ్‌కి పతకాలిచ్చింది. అరవై రెండేళ్ళు పట్టింది, కానీ దిద్దారు.

ఇప్పుడు మన సెప్టెంబర్ 17. 1948లో ఆ రోజున నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు. ఐదు రోజుల ‘ఆపరేషన్ పోలో’ ముగిసింది. ఇవాళ అదే తారీఖుకి సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లో ఒక పేరు, రాష్ట్ర ప్రభుత్వ సభలో ఒక పేరు, ఎర్రజెండా సభలో ఇంకో పేరు. విమోచన, విలీనం, సమైక్యత, ప్రజాపాలన, విద్రోహం. పేర్ల మీద ఏటా కొట్లాడతాం. అందరూ ఒప్పుకునేది ఒక్కటే, కథ ఆ తారీఖున ముగిసిందని, లేదా ఆ తారీఖున మలుపు తిరిగిందని. రజాకార్ల దాడులు, బైరాన్‌పల్లి హత్యాకాండ ముందరి కథలో ఉంటాయి, ఉండాల్సిందే. తర్వాతి కథ? ఆ ఐదు రోజుల్లోనూ, ఆ తర్వాతా ముస్లింల మీద జరిగిన హింసలో ఇరవై ఏడు వేల నుంచి నలభై వేలమంది చనిపోయి ఉంటారని నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు బయటికి రాలేదు. అదే సైన్యం 1951 దాకా సాయుధ రైతుల మీద పనిచేసింది. ఏ వేదిక మీదా ఇవి రెండూ కలిపి చెప్పగా నేను వినలేదు.

మా అమ్మమ్మకి ఈ పేర్లేవీ తెలియవు. ఆమెకది ‘పోలీసు యాక్షన్’. ఆమె చెప్పే కథలో మిల్ట్రీ రావడం ఒక్క వాక్యం. మిగతాదంతా తర్వాత ఏమైందన్నదే. ఏ ఇంటికి తాళం పడింది, ఆ ఇంటి వాళ్ళు ఎటు పోయిన్రు, ఎవరి చెలక ఎవరి కిందికి వచ్చింది, ఎవరి కొడుకు అడివి నుంచి తిరిగి రాలే. కథ చెప్పడం ఆమె ఏ తారీఖు దగ్గరా ఆపేది కాదు.

ఆర్నెమ్ నుంచి మనం పారాచూట్లని తెచ్చుకునే ప్రమాదం ఎక్కువ. పరేడ్, ఫ్లైపాస్ట్, లైట్ షో ఇవన్నీ ఏ ప్రభుత్వానికైనా సులువుగా వచ్చే పనులు. తెచ్చుకోవలసింది ఆ పిల్లల ఆదివారం. సమాధి ఉన్నవాళ్ళవి, లేనివాళ్ళవి, రజాకార్లు చంపినవాళ్ళవి, తర్వాత చనిపోయినవాళ్ళవి, పేర్లు సేకరించి ఒక్కో పేరు ఒక్కో బడిపిల్లకి అప్పజెప్పడం. ఆ పనికి ముందు జాబితా కావాలి. జాబితా రాయాలంటే తారీఖు దాటి వెళ్ళాలి. ఈ రోజుకి ఏ పేరు పెట్టాలన్న కొట్లాట అప్పుడు పెట్టుకుందాం, చేతిలో ఆ జాబితాతో.