బుద్ధిహీనుని పక్షమున వ్రాసిన సన్యాసి



విశ్వాసమును తర్కమును ఒకే ఒరలో ఇమడని రెండు కత్తులని మన సంఘములలో తరచుగా వినుచుందుము. కాలేజీ చదువుకొనుచు సెలవులకు ఇంటికి వచ్చిన కుర్రవాడు బైబిలు తరగతిలో లేచి, దేవుడున్నాడని మనకెట్లు తెలియునని అడిగెననుకొనుడు. ఒక పెద్ద అతనిని గద్దించి కూర్చుండబెట్టును. మరియొకరు పదునాలుగవ కీర్తన తీసి, దేవుడు లేడనుకొను బుద్ధిహీనుడు వీడేనని పేరు పెట్టుదురు. ఆ కీర్తనలోని బుద్ధిహీనునే ఎదుట నుంచుకొని వ్రాయబడిన ఒక చిన్న గ్రంథమును ఈ మాసము పరిశీలింపవలెనని తలంచితిని.

గ్రంథము పేరు ప్రోస్లోగియోన్. గ్రంథకర్త అన్సెల్ము. ఈయన 1033లో ఆల్ప్స్ పర్వతముల చెంతనున్న ఆవోస్తాలో పుట్టి, నార్మండీలోని బెక్ మఠమున సన్యాసియై, 1093లో ఇంగ్లండునందు కాంటర్బరీ ఆర్చిబిషప్పై, 1109లో ప్రభువునందు నిద్రించెను. ఈ గ్రంథమును బెక్ మఠములోనే 1077-78 ప్రాంతమున వ్రాసెను. దానికి మొదట పెట్టిన పేరు ‘గ్రహింపును వెదకు విశ్వాసము’. అధ్యాయములు ఇరువదియారే, అవియు మిక్కిలి చిన్నవి.

ఇది వ్రాయుటకు ఆయన పడిన పాట్లను శిష్యుడైన ఎయాడ్మెరు తెలిపెను. ఈ ఆలోచనవలన అన్సెల్మునకు తిండి సయింపలేదు, నిద్ర పట్టలేదు, ఆరాధనలో మనస్సు నిలువలేదు. ఇది సాతాను శోధన కాబోలునని త్రోసివేయజూచెను గాని, త్రోసినకొలది అది వెంటబడెను. తుదకు ఒక రాత్రి ఆరాధనవేళ విషయము తేటపడెను. మైనపు పలకలమీద వ్రాసి ఒక సహోదరునికి దాచుమని ఇయ్యగా అవి కనబడకపోయెను. మరల వ్రాయగా ఆ పలకలు ముక్కలై నేలపై పడియుండెను. ఆ ముక్కలు ఏరి, కూర్చి, చర్మపత్రముపై ఎక్కించిరి.

ఇంతకు ఆయన వాదమేమి? దేవుడనగా అంతకంటె గొప్పవానిని ఊహింపనలవికానివాడు. ఈ మాట విని గ్రహించిన బుద్ధిహీనుని మనస్సులోనైనను అట్టి తలంపు ఉన్నది. మనస్సులో మాత్రమే ఉండుటకంటె నిజముగా కూడ ఉండుట గొప్పది గదా! కావున అట్టివాడు తలంపులోనే యుండి నిజముగా లేకపోయినయెడల, అంతకంటె గొప్పవానిని ఊహింపవచ్చును. అప్పుడు మొదటి మాటయే తప్పిపోవును. గనుక ఆయన నిజముగా ఉన్నాడు.

తూరు పట్టణము చెంత మార్మూటియే మఠములోని గౌనిలో అను సన్యాసి దీనిని చదివి, ‘బుద్ధిహీనుని పక్షమున’ ఒక జవాబు వ్రాసెను. అన్ని దేశములకంటె సంపన్నమైన దీవి సముద్రమధ్యమున ఒకటి కలదని ఎవడైన చెప్పినచో, ఆ తలంపు నాకు తెలియును. అంతమాత్రమున ఆ దీవి నిజముగా ఉండి తీరవలెనందువా అని అడిగెను. మన పల్లెమాటలో చెప్పవలెనన్న, ఎండిన చెరువు గట్టున కూర్చుండి ఎంత నిండు చెరువును తలంచినను మడి తడియదు. నా వాదము ఆ ఒక్కనికే చెల్లును, దీవులకు చెల్లదని అన్సెల్ము మారు పలికెను. ఈ జవాబు నాకు పూర్తిగా తృప్తి నీయలేదు. 13వ శతాబ్దమున తోమా అక్వినాసు, 1781లో కాంటు అను జర్మను తత్త్వవేత్త కూడ అన్సెల్ము మార్గమును అంగీకరింపలేదు. అక్వినాసు విశ్వాసములో తక్కువవాడని ఎవరనగలరు?

వాదము నిలువకున్నచో గ్రంథము వ్యర్థమా? కాదు. మొదటినుండి కడవరకు అది ప్రార్థన. దేవుడున్నాడో లేడో తేల్చుకొని పిమ్మట మ్రొక్కెదననలేదు, మ్రొక్కుచునే అడిగెను. కొడుకు తండ్రి చేయి పట్టుకొని నడచుచు, మనమెక్కడికి పోవుచున్నామని అడుగునట్లు అడిగెను. ఇట్టి తర్కమును విశ్వాసమునకు శత్రువని ఎట్లందుము? పౌలు థెస్సలొనీకలో మూడు విశ్రాంతిదినములు లేఖనములు తీసి తర్కించినది కూడ నమ్మకము లేకకాదు.

అయితే గ్రంథమునందు నాకు కనబడు లోపము వేరొకటి. ఆ కీర్తనలోని బుద్ధిహీనుడు అన్సెల్ము తలంచిన తార్కికుడు కాడు. హెబ్రీలో అక్కడి మాట ‘నాబాలు’. కర్మెలులో మూడువేల గొఱ్ఱెలు, వెయ్యి మేకలు గల నాబాలు కథ మీకు తెలియును. తన మందలను కాపాడిన దావీదు మనుష్యులు ఆకలిగొని రాగా రొట్టె ఇయ్యక తరిమెను. తాను మాత్రము రాజువలె విందు చేసికొనెను. అతడెన్నడును దేవుడున్నాడా అని అడుగలేదు. కీర్తనలోని వారును అట్టివారే, రొట్టె తినునట్లు ప్రజలను మ్రింగువారు. దేవుడు లేడని వారు నోటితో అనరు, హృదయములో అనుకొందురు. ఆదివారము ముందు వరుసలో కూర్చుండి సోమవారము పేదవాని పొలము తాకట్టు పట్టి మ్రింగువానికి ఈ పేరు తగును గాని, నోరు తెరచి అడిగిన కుర్రవానికి తగదు. అతడు హృదయములో దాచుకొనలేదు. తెచ్చి మన ఎదుట పెట్టెను.

గౌనిలో కూడ బుద్ధిహీనుడు కాడు, విశ్వాసియే. తన జవాబు కడపట ఆ గ్రంథములోని తక్కిన భాగమును మెచ్చుకొనెను. అన్సెల్మునకు ఆ సంగతి తెలియును. బుద్ధిహీనుని పక్షమున మాటలాడిన విశ్వాసికే ప్రత్యుత్తరమిచ్చుచున్నానని వ్రాసి, కృతజ్ఞత తెలిపెను. అంతటితో విడువలేదు. ఇకమీదట తన గ్రంథమునకు ప్రతి వ్రాయించుకొనువారందరు దాని చివర గౌనిలో ఆక్షేపణను, దానికి తన జవాబును కలిపి వ్రాయించుకొనవలెనని కోరెను. అప్పటికాయన పేరుగల మఠాధిపతి. ఆ కాగితమును పొయ్యిలో పెట్టినను అడుగువారు లేరు. గౌనిలోను గూర్చి మనకు ఇంతకు మించి తెలిసినది బహు స్వల్పము. ఈ ఆక్షేపణ మాత్రము అన్సెల్ము గ్రంథము వెనుకనే నేటికిని అచ్చగుచున్నది.