ఛాయాచిత్ర చరిత్ర నిర్మాణం – సంగ్రహాలయ దృష్టి: ఒక పరిశీలన

ఆధునిక ఛాయాచిత్రకళ చరిత్రను కెమెరా పట్టినవారితో పాటు, చిత్రాలను ఎంపిక చేసి, వరుస కూర్చి, వ్యాఖ్యానించినవారు కూడా నిర్మించారు. వీరిలో న్యూయార్క్ ఆధునిక కళా సంగ్రహాలయానికి చెందిన ముగ్గురు ప్రధానులు: బోమాంట్ న్యూహాల్, ఎడ్వర్డ్ స్టైకెన్, జాన్ షార్కౌస్కీ. వీరి దృక్పథాలు పరస్పర భిన్నమైనవి. అయినా చిత్రం ఏ ప్రయోజనం కోసం పుట్టిందో ఆ సందర్భం వెనుకబడిపోవడం ముగ్గురి కృషిలోనూ కనిపిస్తుంది.

న్యూహాల్ ఆ సంగ్రహాలయంలో గ్రంథపాలకుడు. 1937లో ఆయన నిర్వహించిన ప్రదర్శన ఛాయాచిత్రకళ తొలి వందేళ్ల పరిణామాన్ని ప్రక్రియల క్రమంలో చూపింది. దాని సూచీగ్రంథమే విస్తరించి 1949లో ప్రామాణిక చరిత్ర గ్రంథమైంది. 1940లో ఏర్పడిన ఛాయాచిత్ర విభాగానికి ఆయనే తొలి క్యూరేటర్. ఆయన యుద్ధసేవలో ఉన్న కాలంలో ఆ బాధ్యతను నాన్సీ న్యూహాల్ నిర్వహించారు. చరిత్రకారులు ఆమె పాత్రను తగినంతగా గుర్తించలేదు.

1947లో విభాగాధిపతి అయిన స్టైకెన్ మార్గం వేరు. 1955లో ఆయన రూపొందించిన ‘ది ఫ్యామిలీ ఆఫ్ మ్యాన్’ ప్రదర్శనలో 68 దేశాల నుంచి, 273 మంది తీసిన 503 చిత్రాలు ఉన్నాయి. జననం, శ్రమ, మరణం వంటి ఇతివృత్తాల కింద అవి ఒకే కథనంలో భాగాలయ్యాయి. ఇక్కడ రచయిత స్థానం క్యూరేటర్‌కు దక్కింది. జననమరణాలను సార్వజనీనం చేయడంలో చరిత్ర చెరిగిపోయిందని రోలాండ్ బార్త్ చేసిన విమర్శ నేటికీ విలువైనదే.

1962లో వచ్చిన షార్కౌస్కీ సందేశాన్ని పక్కన పెట్టి మాధ్యమ స్వభావాన్ని ప్రశ్నించాడు. వస్తువు, వివరం, చట్రం, కాలం, దృష్టికోణం అనే ఐదు అంశాలతో చిత్రాన్ని చదివే పరిభాషను అందించాడు. ప్రసిద్ధుల చిత్రాల సరసన అజ్ఞాతుల చిత్రాలను నిలిపాడు. కనుక ఆయన కేవలం మహాకళాకారుల జాబితా తయారుచేశాడన్న ఆరోపణ పాక్షికం. అయితే అజ్ఞాత చిత్రానికి ప్రవేశం లభించింది రూపం కారణంగానే. దానిని ఎవరు తీయించారు, ఎందుకు తీయించారు అన్న ప్రశ్నలకు ఆ పరిభాషలో చోటు లేదు.

ఈ లోపాన్ని రోసలిండ్ క్రౌస్ 1982లో నిశితంగా చూపారు. 1860ల దశకంలో తిమోతి ఓసల్లివన్ భూగర్భ సర్వేక్షణ కోసం తీసిన చిత్రాలు ప్రదర్శనశాలలో ప్రకృతి దృశ్యకళగా మారాయి. శాస్త్రీయ నివేదికలోని సాక్ష్యం సౌందర్యానుభూతిగా రూపాంతరం చెందింది.

ఈ చర్చ తెలుగు పరిశోధకులకు దూరమైనది కాదు. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీన్‌దయాళ్ తీసిన ప్రాసాదాలు, వేట విడిదులు, సైనిక విన్యాసాలు నేడు కళాఖండాలుగా ప్రదర్శితమవుతున్నాయి. వాటి కూర్పును మెచ్చుకోవడం న్యాయమే. అవి తొలుత అధికార వ్యవస్థ కోరి తీయించుకున్న ఆల్బమ్‌ల పుటలు కూడా. ఎవరి ఆదేశంతో తీశారు, ఎవరి చేతికి చేరాయి, వాటి పక్కన ఏ శీర్షిక ఉంది అన్న విచారణ జోడించినప్పుడే ఆ చిత్రాలు హైదరాబాద్ సామాజిక చరిత్రకు ఆధారాలవుతాయి. షార్కౌస్కీ నేర్పిన రూపపరిశీలనను, క్రౌస్ కోరిన సందర్భపరిశీలనను కలిపి ప్రయోగించడం ఆ దిశలో తొలి మెట్టు.