నలుని జాడ – ఏడేండ్ల గడువు

నలోపాఖ్యానము నెరుగని తెలుగిల్లు లేదు. నన్నయభట్టారకుడు దానిని ఆరణ్యపర్వమున తెనిగించెను. అందు దమయంతి చాటించిన రెండవ స్వయంవరమును పలువురు కేవలము ఉపాయమని మెచ్చుకొందురు. మా అభిప్రాయమున ఆ మెప్పు చాలదు. నలుడు జీవించియున్నాడో లేడో తెలియదను మాట కూడ వ్యాసుని మూలమున ఆ వార్తలో కలదు. అది నమ్మదగినది కానిచో ఋతుపర్ణుడు రథమెక్కునా? పరాశర స్మృతియు స్త్రీకి కలుగు ఐదాపదలలో భర్త కనబడకపోవుటనే మొదట పేర్కొన్నది.

ఇది మనకు పురాణగాథ మాత్రమే కాదు. గోపాలపురము రేవున రంగూను ఓడలెక్కిన మన గంజాము వారిలో, 1942 నాటి బర్మా పలాయనమున జాడ తెలియకపోయినవారు కలరు. బొట్టు ఉంచుటయా, తీయుటయా అని ఆ ఇండ్లవారు ఎవరి నడుగగలరు?

చట్టము దీనికొక గడువు పెట్టినది. బ్రతికియున్నచో సహజముగా కబురు తెలియవలసినవారికి ఏడేండ్లు ఏ కబురును లేనియెడల, బ్రతికియున్నాడనువారే రుజువు చూపవలెను. 1872 నాటి సాక్ష్యచట్టమున ఇది 108వ సెక్షను. 2024 జూలై 1 నుండి అమలైన భారతీయ సాక్ష్య అధినియమమున 111వది. హిందూ వివాహచట్టము (1955) కూడ ఇట్టి ఏడేండ్ల ఎడబాటును విడాకులకు కారణముగా నంగీకరించినది.

ఇంతవరకు మేలే. కాని చట్టము మరణము నూహించునే గాని మరణదినము నూహింపదు. జీవితబీమా సంస్థ వ్యాజ్యమున సుప్రీముకోర్టు 2004లో ఈ సంగతినే స్పష్టపరచినది. కనబడకపోయిన నాడే మరణించెనని తలచి ప్రీమియము మానినవారి పాలసీ మురిగిపోవచ్చును.

మేము గుమాస్తాగానున్న దినములలో ఒక ఇల్లాలు దరఖాస్తు పట్టుకొని వచ్చి, “బాబూ, ఏ తారీకు రాయమంటారు?” అని అడిగెను. మావద్ద సమాధానము లేదు. మరణదినపు గడి ఖాళీగానున్నదని మేమే ఆ కాగితమును త్రిప్పి యిచ్చితిమి. అది నిబంధనయే; అయినను నేటికిని ఆ ప్రశ్న మమ్ము విడువలేదు.

దమయంతి తెలియమిని తెలియమిగానే చెప్పి, దానితోనే భర్తను వెదకించెను. మన కాగితములకు ఆపాటి నిజాయితీ లేదు. “తెలియదు” అని వ్రాయుటకు వానిలో చోటుండదు. ఆ చోటు కల్పించుటయే కావలసిన సంస్కరణము. అంతవరకు, మనిషి కనబడని వెంటనే పోలీసులకు ఫిర్యాదు వ్రాసియిచ్చి నకలు దాచుకొనవలెను. వెదకిన ఆధారములను భద్రపరచుకొనవలెను. కోర్టు తీర్పు వచ్చువరకు ప్రీమియము మానరాదు. ఎదురుచూపును మానుమని మాత్రము ఏ సెక్షనును చెప్పలేదు.