చీరలు కట్టిన చేను

శనగ చేను చుట్టూ పాత చీరలు కట్టి ఉన్నాయంటే ఆ దిక్కున జింకలు తిరుగుతున్నాయని లెక్క. ఆదోని, ఎమ్మిగనూరు, ఆస్పరి, ఆలూరు పల్లెల్లో నల్లరేగడి చేల గట్ల వెంట ఈ కంచెలు కనిపిస్తాయి. కట్టెకూ కట్టెకూ నడుమ ఎర్రవి, పచ్చవి, వెలిసిపోయిన నీలివి, అంచు ఊడి వేలాడేవి. గాలికి ఆడితే జింక బెదురుతుందని రైతు ఆశ. నాలుగు రోజులు బెదురుతుంది, తర్వాత అలవాటు పడి దూకేస్తుంది. అయినా కడతాడు, వేరే దారి లేక.

వన్యప్రాణుల ఫొటోల కోసం కొత్త చోటు వెతికేవాళ్లు ముందు మ్యాపు తెరుస్తారు. ఈ పడమటి సీమ మ్యాపులో అడవి రంగు చాలా తక్కువ. అభయారణ్యమే కావాలంటే ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉన్న రోళ్లపాడుకు పోవాలి. బట్టమేక పిట్ట కోసం 1988లో ఏర్పాటైన ఆ గడ్డి భూమిలో ఇవాళ ఆ పిట్టే కరువైంది. ఆదోని తట్టు గేటూ టికెట్టూ సఫారీ జీపూ ఏవీ లేవు. చేలు, బీళ్లు, వంకలు, గుండ్ల కొండలు, అంతే. కృష్ణజింక మన రాష్ట్ర జంతువు, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికి గట్టి రక్షణే ఇచ్చింది. కానీ అది మేసేదీ పడుకునేదీ ఎవరో ఒకరి పొలంలో. అందుకే ఇక్కడ ముందు వెతకాల్సింది ఆ పొలం తెలిసిన మనిషిని.

ఆ మనిషి చాలాసార్లు గొర్రెల కాపరి అవుతాడు. పొద్దున మంద తోలుకుని బయలుదేరితే చీకటి పడేదాకా బీడు మీదే ఉంటాడు. ఏ కుంటలో నీళ్లు ఎన్నాళ్లుంటాయో, ఏ పొద కింద కౌజు పిట్ట పొదిగిందో అతనికి తెలుసు. అడగడంలో ఒక పద్ధతి ఉంది. "జింకలు ఎక్కడున్నాయి?" అంటే చెయ్యి ఊపి నాలుగు దిక్కులూ చూపిస్తాడు. ఎప్పుడు, దేనికి వస్తాయని అడగాలి. ఒకసారి ఒక పెద్దాయన నాకిలా చెప్పాడు: "పొద్దున్నే ఐతే మిట్ట మీద ఎండకు నిలబడతాయి సార్. పొద్దెక్కినాక వంకలో దిగుతాయి. మా కుక్కను చూసినా పోవు, మిమ్మల్ని చూస్తే పోతాయి." ఆ మూడు మాటల్లో నాకు చోటూ వేళా రెండూ దొరికాయి. మూడోది హెచ్చరిక.

ఇలా ఊరివాళ్లను అడిగి వెతకడం చిన్నచూపు చూడాల్సిన పని కాదు. 1900 తర్వాత ఎవరికీ కనిపించక, అంతరించిందనుకున్న కలివికోడి అనే పిట్ట 1986 జనవరిలో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. దాన్ని పట్టి చూపించింది ఐతన్న అనే పల్లె వేటగాడు. శాస్త్రవేత్తలు చేసిన మంచి పని, ఆ పిట్ట బొమ్మ పట్టుకుని పల్లెల్లో తిరిగి అడగడం.

మనిషి చెప్పాక ఇక నేల చెప్పాలి. బీడులో నడుస్తుంటే ఒకచోట పెంటికలు కుప్పగా కనిపిస్తాయి. పై పొర తడిగా నల్లగా ఉంటే, అడుగున ఎండి బూడిద రంగుకు తిరిగినవి ఉంటాయి. అది దారిన పోతూ వేసింది కాదు. పోతు జింక తన హద్దు చాటుకోవడానికి రోజూ అక్కడికే వచ్చి వేస్తుంది, కొన్నిసార్లు ఆ కుప్ప మీదే పడుకుంటుంది. దగ్గర్లో కొమ్ములతో రాసిన తుమ్మ కొమ్మ, రెండు పాయలుగా మొన తేలిన గిట్ట గుర్తులు కూడా ఉంటే ఆ నల్ల పోతు రేపూ అక్కడికే వస్తుంది. దాని వెంట తిరిగి అలసిపోనక్కర్లేదు. గాలి మన ముఖానికి కొట్టేలా, సూర్యుడు వీపు మీద పడేలా చూసుకుని దూరంగా గట్టు వార కూర్చుంటే చాలు.

కాలినడకన పోయే మనిషికి జింక ఎక్కువ బెదురుతుంది, ఎద్దులబండికీ ట్రాక్టరుకూ అంతగా బెదరదు. పూర్వం దక్కన్ వేటగాళ్లు మచ్చిక చేసిన ఎద్దు చాటున నక్కి వేటను సమీపించేవాళ్లు. మనం ఆ చాటును కెమెరాకు వాడుకోవచ్చు. నడవక తప్పకపోతే నేరుగా పోకూడదు, దాన్ని చూడనట్టు పక్కవాటుగా పోవాలి. కళ్లలోకి చూశామా, తల ఎత్తుతుంది. ఇంత చేసినా ఒక్క తీతువు చాలు అంతా చెడగొట్టడానికి. అది నెత్తి మీద తిరుగుతూ అరవడం మొదలుపెట్టిందంటే ఆ బీడు మొత్తానికీ మన సంగతి తెలిసిపోయినట్టే. అప్పుడు కదలకుండా కూర్చోవడం తప్ప చేసేదేమీ లేదు. అయితే గూడు దగ్గరుంటే అది మరీ ఎక్కువగా అరుస్తుంది, అలాంటప్పుడు మాత్రం వెనక్కి తగ్గాలి.

ఎండాకాలంలో దారి సులువు, నీటిని వెతికితే చాలు. తుంగభద్ర దిగువ కాలువ పారే చోట్ల కొంగలు, లకుముకి పిట్టలు ఉంటాయి. గోనెగండ్ల దగ్గర హంద్రి మీద కట్టిన గాజులదిన్నె ప్రాజెక్టుకు సంజీవయ్య సాగర్ అని పేరు. అక్కడ నీళ్లు వెనక్కి తగ్గి బురద తేలిన అంచునే వెతకాలి, నిండుగా ఉన్నప్పుడు పక్షులు అందవు. నాకు మాత్రం చిన్న కుంటలే ఇష్టం. పావురమంత ఉండే ఇసుకరంగు శాండ్‌గ్రౌస్ పక్షులు పొద్దెక్కినాక గుంపుగా అక్కడ దిగుతాయి. మగపక్షి పొట్ట ఈకలను నీళ్లలో ముంచుకుని, ఆ తడిని మోసుకుపోయి పిల్లలకు తాగిస్తుంది. అది ఒక్కసారి చూసినవాళ్లు కుంట గట్టు మీద బండి ఆపి పాటలు పెట్టరు.



తోడేలు సంగతి కూడా చెప్పి తీరాలి. చలికాలంలో అది వంక ఒడ్డున బొరియలో పిల్లల్ని పెడుతుంది. కాపరికి ఆ బొరియ తెలిసే ఉంటుంది, చెప్పడానికి మాత్రం వెనకాడతాడు. గొర్రెపిల్ల పోయిన కోపం ఒకవైపు, మనం నలుగురికి చెబితే ఏమవుతుందోనన్న అనుమానం ఇంకోవైపు. చెప్పకపోతే బలవంతం చేయకూడదు. చెబితే ఆ చోటు మన దగ్గరే ఆగిపోవాలి. ఫొటోతోపాటు ఊరి పేరు, వంక పేరు పెట్టడం ఆ పిల్లల ప్రాణం మీదకు తేవడమే. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు.

పోయిన రబీలో ఎమ్మిగనూరు దగ్గర ఒక శనగ రైతు తన మంచె మీద నుంచి ఫొటోలు తీసుకోనిచ్చాడు. రాత్రంతా టార్చిలైటుతో, కంచంతో చప్పుడు చేస్తూ కాపలా కాసిన మనిషి. కళ్లు ఎర్రగా ఉన్నాయి. చీరల కంచె మీదుగా నల్ల పోతు ఒకటి గాల్లోకి లేచిన క్షణం నాకు దొరికింది, వెనక పసుపు చీర, కింద మంచుకు తడిసిన చేను. సంబరంగా కెమెరా తెర ఆయనకు చూపించాను. ఆయన దాన్ని దగ్గరికి తీసుకుని, కళ్లు చిట్లించి, జింక కాళ్ల కిందికి వేలు పెట్టాడు.

"ఈ రెండు సాళ్లు చూడు సార్, మొదలుదాకా కొరికేసినాయి. నిన్న బాగుండె."